డెత్ వ్యాలీకి బయలుదేరే ముందు

కాలిఫోర్నియాలోని ఈ ఎడారికి మనిషికి రోజుకు కనీసం 4 లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి. రేడియేటర్‌కు వేరే క్యాన్. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి ఉప్పు బిస్కెట్లూ ఉండాలి. వేసవిలో పల్లపు చోట్ల ఉదయం 10 దాటాక నడక వద్దు.

ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు. జీపీఎస్ మూసేసిన దారుల్లోకీ తిప్పుతుంది, కాగితం మ్యాప్ తప్పదు. లోపల పెట్రోలు ఖరీదు; ట్యాంకు బయటే నింపుకోండి.

రేస్‌ట్రాక్ అనే ఎండిపోయిన సరస్సుకు వెళ్లే దారి 43 కిలోమీటర్ల కంకర. పదునైన రాళ్లు మామూలు టైరు పక్కగోడను చీల్చేస్తాయి, దానికి పంక్చర్ కిట్ పనికిరాదు. పూర్తి సైజు స్టెప్నీ, పనిచేసే జాకీ, దాని కింద పెట్టడానికి చెక్కముక్క ఉండాలి. అద్దె కారైతే ఆ ఊసే వద్దు.

ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. బండి ఆగిపోతే వదిలి నడవకండి: వెతికేవాళ్లకు మనిషికన్నా కారే ముందు కనిపిస్తుంది.