ఇంగ్లిష్ క్రియలు, 7వ పాఠం: ఫ్లక్చుయేట్

గత పాఠంలో చూసిన ఇంక్రీజ్, డిక్రీజ్ ఒకే దిక్కుగా సాగే మార్పుకు సరిపోతాయి. గుంటూరు మిర్చి యార్డులో ధర అలా సాగదు. తేజ రకం సోమవారం క్వింటాకు 14,000 రూపాయలు పలికిందనుకుందాం. మంగళవారం సరుకు ఎక్కువ వచ్చి 13,000కు దిగింది, గురువారం ఎగుమతిదారులు కొనడంతో 15,000కు ఎక్కింది, మర్నాడు మళ్లీ జారింది. ఈ నిలకడ లేని కదలికను చెప్పే క్రియే ఫ్లక్చుయేట్. పలికేటప్పుడు ‘ఫ్లక్’ను ఒత్తి పలకండి.

లాటిన్‌లో ‘ఫ్లూయెరె’ అంటే ప్రవహించడం, ‘ఫ్లుక్టుస్’ అంటే అల. ఆ అల నుంచి పుట్టిన ‘ఫ్లుక్టువారె’ అనే క్రియే 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో ఈ రూపం తీసుకుంది. ఫ్లూయిడ్, ఫ్లూయెంట్, ఇన్‌ఫ్లుయెన్స్ కూడా ఆ కుటుంబానివే. మూలంలోని అలను గుర్తుంచుకుంటే అర్థాన్ని బట్టీ పట్టే పని లేదు.

ఎక్కువ మంది తడబడే చోటు ఒకటుంది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టింది. పెరిగి తగ్గింది కదా అని ఇక్కడ ఫ్లక్చుయేట్ వాడకండి. అది ఒక్కసారి పెరిగి, ఒక్కసారి తగ్గడం. దానికి రోజ్, ఫెల్ చాలు. గడియారం లోలకం లెక్క తప్పకుండా ఊగుతుంది కాబట్టి దానికి ఆసిలేట్ అనాలి. యార్డులో ఒకే రోజు తేజకు ఒక ధర, 334 రకానికి ఇంకో ధర ఉంటే అది వేరీ. ఫ్లక్చుయేట్ రావాలంటే ఒకే విషయం, కాలం గడిచేకొద్దీ, పైకీ కిందికీ పదేపదే కదలాలి. ఈ పరీక్షను దయచేసి ప్రతిసారీ పెట్టుకోండి, చాలా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

ఇది సాధారణంగా అకర్మక క్రియ. ధర ఫ్లక్చుయేట్ అవుతుంది, వ్యాపారి దాన్ని ఫ్లక్చుయేట్ చేయడు. హద్దులు చెప్పడానికి బిట్వీన్, దేన్ని బట్టి మారుతుందో చెప్పడానికి విత్ వాడతాం. నామవాచకం ఫ్లక్చుయేషన్. తెలుగు చేసేటప్పుడు మార్కెట్ వార్తకు ‘ఒడిదుడుకులు’, వోల్టేజికి, రక్తపోటుకు ‘హెచ్చుతగ్గులు’ బాగా అతుకుతాయి.

అభ్యాసం: కింది వాక్యాలను ఇంగ్లిష్‌లోకి మార్చండి. ఒకదానికి ఈ క్రియ పనికిరాదు.

సాయంత్రమంతా మా వీధిలో వోల్టేజి పెరుగుతూ తగ్గుతూ ఉంది.
మే నెలలో విజయవాడలో ఎండ 40 డిగ్రీలు దాటింది.
ఈ వారమంతా బంగారం ధర నిలకడగా లేదు.

జవాబులు 8వ పాఠంలో, ప్లమెట్ అనే క్రియతో పాటు.