అవ్వ లేని ఉగాదికి అవ్వ ఓళిగలు చేసుకోవడం ఎలా

అవ్వ పోయాక వచ్చిన మొదటి ఉగాదికి మా ఇంట్లో పెనం ఎక్కలేదు. స్వీటు షాపు నుంచి ఒక డబ్బా ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చుకుని తిన్నాం, ఎవరూ ఏమీ అనలేదు గానీ రెండోది ఎవరికీ తినబుద్ధి కాలేదు. మరుసటేడు నుంచి మేమే చేస్తున్నాం. మీ ఇంట్లో కూడా పండగ అవ్వతోనే పోయిందనిపిస్తుంటే ఇలా చేసి చూడండి.

ముందు ఆమె కొలత గిన్నె వెతకండి. మన అవ్వలు గ్రాముల్లో చెప్పలేదు, "ఆ చెంబుకు చెంబు బెల్లం" అన్నారు, ఆ చెంబు లేకపోతే ఆ మాట దేనికీ పనికిరాదు. మాది సొట్టపోయిన ఇత్తడి చెంబు, అత్త వాళ్లింట్లో అటక మీద దొరికింది. దాన్నిండా శనగబేడలు (శనగపప్పు) పోసి తూకం వేయించి, ఆ లెక్క రాసి పెట్టుకున్నాం.

తర్వాత, ఆమె పక్కన కూర్చుని పనిచేసినవాళ్లను పట్టుకోండి. "అవ్వ గురించి చెప్పు" అంటే అందరూ "చానా మంచిది" అని ఆగిపోతారు. చిన్నవి అడగాలి: పండగ రోజు లేవగానే మొదట ఏం చేసేది? మొదటి ఓళిగ ఎవరికి పెట్టేది? అదీ ఊరికే కూర్చోబెట్టి కాదు, చేతికి పిండి ఇచ్చి అడగండి, ఫోన్లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచండి. మా అత్త పిండి పిసుకుతూ ఉన్నట్టుండి "సాగాల, తెగగూడదు, ఇంగ రోంత నూనె పొయ్యి" అంది, అచ్చం అవ్వ గొంతు.

ఇప్పుడు ఓళిగలు. బేడలు గంట నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే చితికేదాకా ఉడికించండి, గుజ్జు కానివ్వొద్దు. నన్నడిగితే కుక్కర్ వద్దు, గిన్నెలోనైతే మధ్యమధ్యలో చూసుకోవచ్చు. నీళ్లు పూర్తిగా వంచేయాలి, మేం మొదటిసారి తొందరపడి తడి బేడల్లోనే బెల్లం కలిపేస్తే పూర్ణం జారిపోయింది, మళ్లీ సన్నసెగ మీద పెట్టి దగ్గరపడేదాకా తిప్పితే గానీ ఉండ నిలవలేదు. బేడలు ఎన్నో బెల్లమూ అంతే, కాసిన్ని యాలకులు, అంతే. కొబ్బరి, జీడిపప్పు వేసి బాగుచేయాలని చూడకండి, రుచి మారితే ఆమె చేతిది కాదు. వంచిన కట్టులో చింతపండు పులుసు, కారం, చిన్న పూర్ణం ముద్ద వేసి కరివేపాకుతో తిరగమోత పెడితే పండగ అన్నంలోకి చారు.

మైదాలో చిటికెడు పసుపు, ఉప్పు వేసి జారుగా కలిపి, నూనెలో మునిగేట్టు రెండు గంటలు వదిలేయండి. నిమ్మకాయంత పిండిలో అంతకంటే పెద్ద పూర్ణం ఉండ పెట్టి, నూనె రాసిన అరిటాకు మీద తట్టి, పెనం మీద కాల్చాలి. తట్టేటప్పుడు అవ్వ కుడిచేతి వేళ్లు ఒకేచోట ఆడుతుండేవి, ఎడమచేత్తో ఆకును కొంచెం కొంచెంగా తిప్పుకునేది. ఇన్నేళ్లూ చూశాం గానీ, మాది ఒకవైపు పలచన ఒకవైపు మందం అయ్యాక గానీ అది గుర్తుకు రాలేదు.

ఉగాది పూటే చేయదగ్గ పని ఇంకోటి ఉంది. మా అవ్వ "ఈశ్వరలో పుట్టినా" అనేది. ఏళ్ల పేర్లు 60, వరసగా తిరిగి వస్తాయి. ఈశ్వర 1997లో వచ్చింది, అంతకుముందు 1937లో. ఆమె కార్డులో పుట్టిన తేదీ మాత్రం 1945 జనవరి 1. మన సీమలో పెద్దోళ్లు చెప్పే ధాత కరువుకు ఆ పేరు 1876 నాటి ధాత సంవత్సరం నుంచే వచ్చింది. మీ పెద్దవాళ్లు ఏ పేరు చెప్పేవాళ్లో అడిగి, పంచాంగం తీసి లెక్కేయండి.

చివరగా, ఆమె ఎవరెవరికి పంచేదో ఆ ఇళ్లకే పంచండి. ఉగాది పొద్దున దేవుని కడపలో ముస్లింలు కూడా టెంకాయలు పట్టుకుని వెంకటేశ్వరస్వామి దర్శనానికి వస్తారు కదా, అవ్వకు ఆ వరసలోనే ఒక స్నేహితురాలు దొరికింది, ఏటా ఆమెకు పది ఓళిగలు వెళ్లేవి. మేం డబ్బా తీసుకెళ్తే ఆమె తలుపు దగ్గరే మూత తీసి, ఒకటి తుంచి నోట్లో వేసుకుని, కాసేపు ఏం మాట్లాడలేదు. డబ్బా ఖాళీగా పంపకూడదని అందులో నాలుగు నిమ్మకాయలు వేసిచ్చింది.