ఆఫ్రికాలో ఒక చిన్న సోషలిస్ట్ పార్టీ చరిత్ర తవ్వాలంటే ఎలా? సెనెగల్ పీఏఐ తో చూద్దాం

ముందుగా ఒక మాట, ఎలక్షన్ రిజల్ట్స్ తో మొదలెట్టకండి. చాలామంది చేసేది అదే, టేబుల్ తెరుస్తారు, సున్నా సీట్లు కనిపిస్తాయి, ఓస్ ఇంతేనా అని మూసేస్తారు. పీఏఐ విషయంలో అలా చేస్తే అసలు కథంతా పోయినట్టే, ఎందుకంటే 1960 నుంచి 1976 దాకా ఈ పార్టీకి పోటీ చేసే హక్కే లేదు.

ఫస్ట్ పేరు సంగతి తేల్చుకోండి. పీఏఐ అంటే ఆఫ్రికన్ ఇండిపెండెన్స్ పార్టీ, కానీ ఆ మూడక్షరాలతో సెర్చ్ కొడితే బుర్కినా ఫాసోలో 1963లో పుట్టిన పీఏఐ కూడా వస్తుంది, గినీ-బిసావు, కేప్ వెర్డె స్వాతంత్ర్యం కోసం పోరాడిన అమిల్కార్ కబ్రాల్ వాళ్ల పార్టీ పీఏఐజీసీ కూడా మొదట్లో ఇదే పేరుతో ఉండేది కాబట్టి అదీ వచ్చి కలుస్తుంది. అందుకే పేరు పక్కన ఊరు, సంవత్సరం రాసిపెట్టుకోండి: థియెస్, సెప్టెంబర్ 1957, లీడర్ మజెముత్ జోప్, వృత్తి రీత్యా ఫార్మసిస్ట్. థియెస్ అంటే రైల్వే టౌను, 1947-48 లో డకార్-నైజర్ రైల్వే కార్మికుల పెద్ద సమ్మె నడిచిన చోటు. మార్క్సిస్ట్ పార్టీ అక్కడ పుట్టిందంటే ఊరికే కాదు.

తర్వాత ఆ పార్టీ ఏ రోజు గట్టిగా వినిపించిందో వెతకండి, చిన్న పార్టీలకి అలాంటి రోజులు ఒకటో రెండో ఉంటాయి. పీఏఐకి అది 26 ఆగస్ట్ 1958. అప్పటికి సెనెగల్ ఫ్రాన్స్ వలస, ఆ రోజు ఫ్రాన్స్ ప్రధాని డి గాల్ డకార్ వచ్చాడు, ప్లాస్ ప్రొతే అనే కూడలిలో మీటింగ్, జనంలో ప్లకార్డులు పట్టుకుని స్వాతంత్ర్యం కావాలని అరిచేవాళ్లు, వాళ్లలో పీఏఐ వాళ్లు కూడా ఉన్నారు, డి గాల్ స్టేజి మీద నుంచే ఆ ప్లకార్డుల వాళ్లనే ఉద్దేశించి మాట్లాడాడు, కావాలంటే సెప్టెంబర్ 28 రిఫరెండంలో తీసుకోండి అన్నట్టు. అందులో 'ఎస్' అంటే ఫ్రాన్స్ తో కలిసి ఉండటం, 'నో' అంటే వెంటనే స్వాతంత్ర్యం. రిఫరెండంలో పీఏఐ 'నో' అంది, సెనెగల్ లో 97 శాతం పైగా 'ఎస్' పడింది. ఓడిపోయారు, కరెక్టే, కానీ రెండేళ్లు తిరక్కుండానే ఆ స్వాతంత్ర్యం వచ్చింది, ఇది రాయకుండా 97 శాతం ఒక్కటే రాస్తే సగం కథ.

ఇక కష్టమైన పార్ట్, నిషేధం. 1960 జులై చివర్లో సెయింట్ లూయిస్ మునిసిపల్ ఎన్నికల్లో గొడవలయ్యాయి, వెంటనే ఆగస్ట్ లో పార్టీని బ్యాన్ చేశారు. ఇక్కడి నుంచి డకార్ లో ఓపెన్ గా ఏమీ దొరకదు, కాబట్టి మీరూ పార్టీతో పాటు బోర్డర్ దాటాలి, 1962 పార్టీ మహాసభ జరిగింది పక్క దేశం మాలిలోని బమాకోలో, లీడర్ ప్రవాసంలో. స్వాతంత్ర్యానికి ముందు కాలం అయితే ఫ్రాన్స్ లో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ లోని వలస ఆర్కైవ్స్ చూడాలి. అక్కడ పోలీసు రిపోర్టులు చదివేటప్పుడు మాత్రం జాగ్రత్త, నలుగురు కూర్చుంటే కుట్ర అని రాయడం వాళ్ల డ్యూటీ, తేదీలు తీసుకోండి గానీ ఉద్దేశాలు తీసుకోకండి. పార్టీ పేపర్ల వైపు చూస్తే 'లా లుత్', 'మోమ్ సా రేవ్' పేర్లు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇంట్రెస్టింగ్ అనిపించేది 1976. ప్రెసిడెంట్ సెంగోర్ చట్టం మార్చి మూడు పార్టీలకే చోటిచ్చాడు, అదీ ఒక్కోదానికి ఒక్కో లేబుల్: సోషలిస్ట్ లేబుల్ తన పార్టీకి, లిబరల్ ది ప్రతిపక్ష నేత అబ్దులాయ్ వాద్ పార్టీకి, మార్క్సిస్ట్-లెనినిస్ట్ అనే మూడోది పీఏఐకి. కానీ ఏ పీఏఐకి? 1967లోనే పార్టీ మజెముత్ జోప్ ని బయటకి పంపేసింది, అయినా ప్రవాసం నుంచి తిరిగొచ్చి లీగల్ సర్టిఫికెట్ పట్టుకున్నది ఆయనే, అండర్ గ్రౌండ్ లో అన్నేళ్లు నడిపిన సేదు సిసోఖో వర్గం బయటే మిగిలింది. అంటే 1978లో సీటు రాని పీఏఐ, 1983 ప్రెసిడెంట్ ఎన్నికల్లో జోప్ కి అర శాతం కూడా రాని పీఏఐ, అసలు కేడర్ లో చాలామంది లేని పీఏఐ. రిజల్ట్స్ టేబుల్ ఇది చెప్పదు, ముందే వద్దన్నది అందుకే.

కాబట్టి చీలికల చెట్టు ఒకటి కాగితం మీద గీసుకోండి, బాణం గుర్తు పక్కన సంవత్సరం, కారణం రెండూ ఉండాలి. 1981లో సెంగోర్ తర్వాతి ప్రెసిడెంట్ అబ్దు జుఫ్ పార్టీల లిమిట్ ఎత్తేశాక సిసోఖో వర్గం పీఐటీ అనే కొత్త పార్టీ పేరుతో రిజిస్టర్ అయింది, పీఏఐ నుంచే విడిపోయిన ఇంకో కొమ్మ ఎల్డీ-ఎంపీటీ అనే పార్టీ, అందులో లీడర్ అబ్దులాయ్ బతిలీ. ఎంఎల్ గ్రూపుల చీలికలు ఫాలో అయినవాళ్లకి ఇదంతా తెలిసిన తలనొప్పే.

చివరగా పార్టీని వదిలేసి మనుషుల్ని పట్టుకోండి. పీఐటీ లీడర్ అమత్ దాన్సోఖో పేరు పట్టుకుని వెళ్తే 2000 ప్రెసిడెంట్ ఎన్నికల్లో వాద్ ని గెలిపించిన కూటమిలో తేలతాడు, మంత్రి అవుతాడు, అదే ఏడాది పదవి పోతుంది. ఓట్లలో కనిపించని పార్టీ కేబినెట్ లిస్టుల్లో కనిపిస్తుంది, అందుకే 1990ల నుంచి మంత్రివర్గాల జాబితాలు దగ్గర పెట్టుకుని చెట్టు మీద ఉన్న పేర్లతో ఒక్కొక్కటీ పోల్చి చూడండి.