స్విచ్‌కి బొమ్మ తెప్పించిన 15 వోల్టులు

మావాడు వీడియో గేములు ఆడుకునే నింటెండో స్విచ్ అడాప్టర్ వైరుని ఎలుక కొరికేసింది. ఒరిజినల్ రేటు చూసి మనసొప్పక నా ఫోన్ ఛార్జర్ పెట్టా. 67 వాట్లది కదా, చాలదా అని! చేత్తో పట్టుకుని ఆడితే ఛార్జింగ్ ఎక్కుతోంది. డాక్‌లో, అంటే దాన్ని టీవీకి కలిపే స్టాండులో పెడితే మాత్రం టీవీ మీద 'నో సిగ్నల్'. హెచ్‌డీఎంఐ కేబుల్ మార్చా, టీవీ పోర్టు మార్చా. సగం ఆదివారం హుళక్కి.

చివరికి పాత అడాప్టర్ మీది చీమతలకాయంత అక్షరాలు టార్చి వేసి చదివా. 5 వోల్టులకి 1.5 ఆంపియర్లు, 15 వోల్టులకి 2.6 ఆంపియర్లు. నా ఛార్జర్ మీద 15 అన్న అంకే లేదు. వాట్లు ఎన్నుంటే ఏం లాభం, టీవీకి బొమ్మ పంపాలంటే డాక్‌కి 15 వోల్టులే కావాలి.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి పోయా. మొదటి షాపతను "ఏదైనా నడుస్తది సార్, టైప్ సీయే గదా" అని తేల్చేశాడు. తిప్పి చూస్తే 9 వోల్టులు దాటలేదు. "అన్నా, 15 వోల్టులది ఉందా?" అని అడుగుతూ తిరిగితే నాలుగో షాపులో 45 వాట్ల పీడీ (పవర్ డెలివరీ, అంటే పరికరం అడిగిన వోల్టులిచ్చే పద్ధతి) ఛార్జర్ దొరికింది: 15 వోల్టులు, 3 ఆంపియర్లు. కేబుల్ కూడా రెండు వైపులా టైప్ సీ ఉన్నదే తీసుకున్నా. ఒక చివర పాత పెద్ద యూఎస్‌బీ ఉంటే దాంట్లోంచి ఈ 15 వోల్టులు రావు.

ఇంటికొచ్చి పెట్టగానే బొమ్మొచ్చింది. ఎలుకే ఇంకా దొరకలేదు.