ఆషాఢంలోనే మొదలుపెట్టాల్సిన మాత్ర

వేసవి ముహూర్తాల్లో పెళ్లయిన అమ్మాయిలు ఆషాఢానికి పుట్టింటికి వస్తారు. శ్రావణంలో సారె పెట్టి పంపడానికి తిరుపతి, చంద్రగిరి, పుత్తూరు ఇళ్లలో అప్పటినుంచే హడావుడి. ఆ నెలలో ఇంకో పని కూడా ఉంది, దాన్ని ఎవరూ ఎత్తరు. పిల్లలు కావాలనుకునే జంటయితే, అమ్మాయి రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. గర్భం నిలవడానికి కనీసం నెల ముందు నుంచి మూడో నెల నిండేదాకా వాడాలి.

బిడ్డకు మెదడు, వెన్నుపాము అయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని తెలిసి, డాక్టరమ్మ చీటీ రాసేసరికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. మన ఇళ్లలోనే అది ఆలస్యంగా అందుతోందంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అదే రోజుల్లో, కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే మాయ (ప్లాసెంటా) కూడా తయారవుతుంది. దాని కణాలు గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి, తల్లి రక్తం ధారాళంగా వచ్చేలా వాటిని వెడల్పు చేస్తాయి. ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరికే ఉండాలో డీఎన్ఏకు అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు కొంతవరకు నిర్ణయిస్తాయి. చేనుకు నీళ్లు కట్టేవాడు ఒక మడవ మూసి ఇంకొకటి తీసినట్టన్నమాట. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. ఆ మిథైల్‌ను అందించే పనిలో ఫోలేట్‌కు (తిండిలో, ఒంట్లో ఉండే ఫోలిక్ యాసిడ్ రూపం) విటమిన్ బి12 తోడుండాలి. బి12 తక్కువైతే ఫోలేట్ ఎంత ఉన్నా పని మధ్యలో ఆగిపోతుంది.

అందుకే ఎక్కువ మింగితే ఎక్కువ మేలు అనుకోవద్దు. మెడికల్ షాపుల్లో 5 మిల్లీగ్రాముల మాత్రలు మామూలుగా దొరుకుతాయి. అది 400 మైక్రోగ్రాములకు పన్నెండు రెట్ల పైనే. పుణెలో జరిగిన అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడు ఫోలేట్ ఎక్కువగా, బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లలకు ఆరేళ్ల వయసులో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. మాంసం, గుడ్డు ముట్టని ఇళ్ల అమ్మాయిలు, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ముందే బి12 పరీక్ష చేయించుకోవాలి. పాలు, పెరుగు మానొద్దు. ఇంతకుముందు వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టినా, ఫిట్స్ మందులు వాడుతున్నా, షుగర్ ఉన్నా డోసు డాక్టరే చెప్పాలి. ఫిట్స్ మందు మాత్రం సొంతంగా ఆపేయొద్దు.

తిండిలో పెసలు, అలసందలు, శనగలు, పాలకూర బాగా పనికొస్తాయి. ఆకు ఉడికించిన నీళ్లు పారబోస్తే ఫోలేట్ వాటితోనే పోతుంది. పప్పులో వేసి ఎనిపి, సంగటిలోకి తినడమే మేలు. అయితే తిండి ఉంది కదా అని మాత్ర మానకూడదు.

గర్భిణికి బీపీ పెరిగినా, షుగర్ వచ్చినా, ఇంట్లో పొగ తాగేవాళ్లున్నా మాయలో ఆ మిథైల్ గుర్తులు మారినట్టు పరిశోధనల్లో కనిపిస్తోంది. మొదటిసారి చూపించుకున్నప్పుడు, మళ్లీ 24 నుంచి 28 వారాల మధ్య, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష తప్పించుకోవద్దు. రెండు గంటల తర్వాత 140 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే జాగ్రత్త పడాలి. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరినా, విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, ముఖం ఉబ్బినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.