గడియారాన్ని చేత్తో దిద్దకండి

సర్వర్ల లాగులు, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో మెషీన్ టైమ్‌తో సహా రాసుకునే చిట్టాలు, చదవడం నా రోజువారీ పని. ఒక మెషీన్ లాగులో జవాబు ముందూ, ఇంకో మెషీన్ లాగులో ప్రశ్న తర్వాతా కనిపిస్తే ప్రోగ్రాం జోలికి పోను, ముందు గడియారాలు చూస్తాను. లోపలి క్వార్ట్జ్ స్ఫటికం పది లక్షలకు 20 వంతులు తప్పినా చాలు, రోజుకు 1.7 సెకన్లు, నెలకు సుమారు 50 సెకన్లు తేడా వస్తుంది. చేత్తో ఎన్నిసార్లు దిద్దినా గడియారం మళ్లీ తప్పుతుంది. ఆ పని ఎన్‌టీపీకి (నెట్‌వర్క్‌లోని టైమ్ సర్వర్లను అడిగి గడియారాన్ని సరిచేసే పద్ధతి) వదిలేయండి.

విండోస్‌లో అయితే సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో ‘సెట్ టైమ్ ఆటోమేటికల్లీ’ ఆన్ చేసి ‘సింక్ నౌ’ నొక్కితే సరిపోతుంది. ఆఫీసు డొమైన్‌లో (ఆఫీసు ఒకేచోట నుంచి నడిపే కంప్యూటర్ల గుంపు) ఉన్న పీసీ టైమ్ సెట్టింగ్‌ను మాత్రం కదపకండి, అది ఆ గుంపును నడిపే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ నుంచే టైమ్ తీసుకుంటుంది. మామూలుగా తేడా 5 నిమిషాలు దాటితే అక్కడ లాగిన్‌లను తనిఖీ చేసే కెర్బరోస్ పద్ధతి లాగిన్ కానివ్వదు.

లినక్స్‌లో టెర్మినల్ తెరిచి ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ (timedatectl) కొట్టండి. చాలామంది ‘ఎన్‌టీపీ సర్వీస్: యాక్టివ్’ చూసి నిశ్చింతగా ఉండిపోతారు. సర్వీసు నడుస్తోందని తప్ప టైమ్ అందిందని దానర్థం కాదు. చూడాల్సింది ‘సిస్టమ్ క్లాక్ సింక్రనైజ్డ్’ అన్న వరుస. కాసేపు ఆగినా అక్కడ ‘నో’ అనే ఉంటే నేను మొదట అనుమానించేది నెట్‌వర్క్ రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్‌నే. ఎన్‌టీపీ వాడే దారి, యూడీపీ 123 పోర్టు, బయటికి తెరిచి ఉండాలి.

లినక్స్‌లో ఎన్‌టీపీ పని చేసే ప్రోగ్రాంలు ఒకటికి మించి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు సిస్టమ్‌డీతో (లినక్స్‌లో సర్వీసులను నడిపే వ్యవస్థ) వచ్చే టైమ్‌సింక్‌డీ చాలు. సర్వర్‌కు నా ఓటు క్రోనీకే. కనీసం నాలుగు టైమ్ సర్వర్లు ఇవ్వండి. రెండే ఇస్తే, అవి చెరో టైమ్ చెప్పినప్పుడు ఏది తప్పో తేల్చే దారి లేదు. ‘క్రోనీసీ సోర్సెస్’ (chronyc sources) కొడితే నక్షత్రం గుర్తున్న సర్వర్‌నే ప్రస్తుతం అనుసరిస్తోందని అర్థం. పక్కన ‘రీచ్’ కింద 377 ఉంటే గత ఎనిమిది విచారణలకూ జవాబు వచ్చినట్టే (అది ఆక్టల్, అంటే ఎనిమిది ఆధారంగా రాసే అంకె, కంగారు పడకండి). సున్నా ఉంటే మళ్లీ ఫైర్‌వాల్ దగ్గరికే వెళ్లండి.

క్రోనీ సెట్టింగ్ ఫైల్లో ‘మేక్‌స్టెప్ 1.0 3’ (makestep 1.0 3) అన్న వరుస ఉందో లేదో చూడండి. మొదటి మూడు సవరణల్లో తేడా సెకను దాటితే క్రోనీ ఒక్క గెంతులో సరిచేస్తుంది, తర్వాత నెమ్మదిగా జరుపుతుంది. నడుస్తున్న డేటాబేస్ కింద గడియారం ఉన్నట్టుండి వెనక్కి వెళ్తే వచ్చే తలనొప్పి మామూలుది కాదు.

ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో పాతదానికి పోయి, దాంతో బ్రౌజర్ వెబ్‌సైట్ సర్టిఫికెట్ చెల్లదంటోందా? చాలాసార్లు మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ముందు అది మార్చండి.