నెలలు నిండని బిడ్డను ముట్టుకునే పద్ధతి

విజయనగరం ఘోషా ఆసుపత్రిలోనైనా, శ్రీకాకుళం రిమ్స్‌లోనైనా బిడ్డను ఎస్‌ఎన్‌సీయూలో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో) పెట్టారంటే, ఇక అంతా సిస్టర్లే చూసుకుంటారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. మందులు, ఆక్సిజన్ వాళ్ల పనే. బిడ్డ నిద్ర చెడకుండా కాపాడటం మాత్రం మీ పని కూడా. మెదడు ఎదుగుదలకు ఆ నిద్ర చాలా అవసరం.

గాజులు, ఉంగరాలు తీసి, మోచేతుల దాకా సబ్బుతో కనీసం 40 సెకన్లు కడగండి. చేతులు చల్లగా ఉంటే ఒకదానితో ఒకటి రుద్దుకోండి. ముందు మెల్లగా పలకరించి, ఒక అరచేయి తల మీద, మరొకటి ముడిచిన కాళ్ల మీద కదపకుండా ఉంచండి. నిమరొద్దు, ఆ పల్చటి చర్మం రాపిడికి ఓర్చుకోలేదు.

డైపర్ మార్చేటప్పుడే పొరపాట్లు ఎక్కువ. కాళ్లు రెండూ పట్టి పైకెత్తితే పొట్ట నొక్కుకుని ఊపిరి ఇబ్బందవుతుంది, తలకు రక్తం వెళ్లే తీరు కూడా మారవచ్చు. పక్కకు ఒత్తిగిల్లజేసి, మోకాళ్లు మడిచి ఉంచే తుడవండి. డైపర్, ఒంటి వేడి చూడటం, నోరు తుడవటం సిస్టర్‌తో మాట్లాడుకుని ఒకే విడతలో కానిస్తే మిగతా వేళంతా బిడ్డ నిద్రపోతుంది. మధ్యలో వేళ్లు బార్లా చాపినా, వెన్ను విరిచినా, వెక్కిళ్లు పట్టినా చేతులు ఆపి బిడ్డను కుదుటపడనివ్వండి. రంగు నీలంగా మారితే వెంటనే సిస్టర్‌ని పిలవండి.

బిడ్డ చుట్టూ పెట్టే బట్టచుట్ట లాడం ఆకారంలో ఉండాలి, పాదాలు దానికి ఆనాలి, ముఖం దగ్గరికి రాకూడదు. ఇది గుండె, ఊపిరి కనిపెట్టే మానిటర్ ఉన్నచోటే. ఇంటికెళ్లాక వద్దు, వెల్లకిలా చదును పరుపు మీదే పడుకోబెట్టాలి.

డాక్టర్ సరేనన్నాక కంగారూ సంరక్షణ, అంటే బిడ్డ ఒళ్లు మీ ఒంటికి తగిలేలా ఛాతీ మీద ఉంచి గుడ్డతో కట్టుకోవడం మొదలుపెట్టండి. బిడ్డకు డైపర్, టోపీ, సాక్సులు చాలు. రొమ్ముల మధ్య నిటారుగా, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పండి. గడ్డం ఛాతీకి అంటుకుంటే గాలిదారి మూసుకుపోతుంది, అందుకే కాస్త ఎత్తి ఉంచండి. గుడ్డ పై అంచు చెవి కిందికి రావాలి, పొట్ట దగ్గర బిగించకూడదు. ఒక్కో విడత గంటకు తగ్గొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకు 8 నుంచి 24 గంటలు. అంతసేపు బాలింత ఒక్కతే చేయలేదు కాబట్టి నాన్న, అమ్మమ్మ కూడా వంతులు వేసుకోవాలి. ఒంటి వేడి 36.5–37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి.

ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, బిడ్డను ఉంచిన బాక్సు (ఇంక్యుబేటర్) మీద సీసాలు పెట్టొద్దు, తట్టొద్దు. ఆముదం, కాటుక, పౌడర్ లోపలికి తేవద్దు.

మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు ముందే చెప్పమని సిస్టర్‌ని అడగండి. ఆమె సరేనంటే రెండు నిమిషాల ముందు మీ పాలచుక్క నాలుక మీద వేసి, తలా కాళ్లూ దగ్గరగా పట్టుకోండి. సూది తీశాక కూడా బిడ్డ ఊపిరి నెమ్మదించేదాకా చేతులు తీయొద్దు.